ఇతరుల డయాలసిస్ అనుభవాలు వినాలా, వద్దా?

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్లు. షుగర్ వల్ల కిడ్నీలు పాడై మూడు నెలలుగా డయాలసిస్ చేయిస్తున్నాం. ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడరు. మంచినీళ్ల దగ్గర అమ్మతో రోజూ గొడవే. ఆయన బాధ అర్థం చేసుకుందామని ఇతర రోగుల అనుభవాల వీడియోలు చూస్తున్నాను. కొన్ని ధైర్యమిస్తున్నాయి, కొన్ని చూస్తే నిద్ర పట్టడం లేదు. మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన వ్యర్థం) ఎంతుందో డాక్టరు చెబుతారు. నాలుగు గంటలు సూదులతో పడుకుని లేస్తే ఒళ్లెలా ఉంటుందో పడినవాళ్లే చెప్పగలరు. చాలామందికి ఆ పూట మాట్లాడే ఓపిక ఉండదు. నాన్నగారి మౌనం మీ మీద కోపం కాకపోవచ్చు. ఆ పూట పడుకోనివ్వండి, కబుర్లు మర్నాటికి ఉంచండి.

ఎవరి అనుభవం విన్నా ముందు ఒకటి కనుక్కోండి: వాళ్లకు ఇంకా మూత్రం వస్తోందా, రోజుకెంత? రోజుకు లీటరు వచ్చే మనిషి "నేను హాయిగా నీళ్లు తాగుతున్నా" అంటే అది నిజమే. బొత్తిగా రాని మనిషి అదే చేస్తే నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. మామూలుగా ముందురోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపి రోజుకెంత తాగొచ్చో లెక్క కడతారు. టీ, మజ్జిగ, చారు కూడా అందులోకే వస్తాయి. నాన్నగారి కొలత డాక్టరుతో రాయించుకుని, పొద్దున్నే అన్ని నీళ్లు సీసాలో పోసి ఆయన చేతికే ఇవ్వండి. టీ తాగితే అంత నీరు అందులోంచి తీసేయాలి. అమ్మకు కాపలా పని తప్పుతుంది. పచ్చళ్లు, అప్పడాలు మానేస్తే అసలు దాహమే తగ్గుతుంది.

"కషాయం తాగి డయాలసిస్ మానేశాను" అనే మాటల జోలికి మాత్రం వెళ్లొద్దు. హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీలు కొందరిలో కోలుకుంటాయి, పేరు కషాయానికి వస్తుంది. షుగర్‌తో ఏళ్ల తరబడి పాడైనవి అలా బాగుపడవు. డయాలసిస్ మానేస్తే పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు.

వీడియోలకన్నా అదే షిఫ్టులో పక్క మంచాలవాళ్లు, బయట కూర్చున్న వాళ్ల ఇంటివాళ్లు నయం. "ఎలా ఉంది" అని కాకుండా "పిక్కలు పట్టేస్తే ఏం చేస్తారు" అని అడగండి. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు బాగా పెరిగితే నీరు వేగంగా లాగాల్సి వస్తుంది, అప్పుడే పిక్కలు పట్టేసేది, బీపీ పడిపోయేది.

నాన్నగారి అనుభవమూ నోటుబుక్కులో రాయండి: ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, ఆ రోజు పడ్డ ఇబ్బంది ఆయన మాటల్లోనే. రెండు వారాలయ్యాక డాక్టరుకు చూపించండి. పిక్కలు పట్టడం మాటిమాటికీ కనిపిస్తే ఆయన డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) మార్చాలేమో చూస్తారు.