చిత్తోడ్‌గఢ్‌కి రెండు గంటలు చాలవండి

రాజస్థాన్ కొండకోటల మీద ఈమధ్య చాలా ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమంది చిత్తోడ్‌గఢ్ గురించే అడిగారు కాబట్టి ఈసారి దాని గురించే మాట్లాడుకుందాం.

ప్రశ్న: డిసెంబరులో కుటుంబంతో ఉదయ్‌పూర్ వెళ్తున్నాం. అక్కడి నుంచి అజ్మేర్ వెళ్తూ మధ్యలో చిత్తోడ్‌గఢ్‌లో రెండు గంటలు ఆగి కోట చూసేద్దామని మావారి ప్లాన్. సరిపోతుందా? మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కొండ ఎక్కగలరా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అత్తయ్యగారి గురించి బెంగ వద్దండి. కొండ ఎత్తు 180 మీటర్ల దాకా ఉన్నా పైదాకా రోడ్డు ఉంది, ఏడు ద్వారాల గుండా మెలికలు తిరుగుతూ కార్లూ ఆటోలూ పైకే వెళ్తాయి, పైన కూడా ఒక్కో చోటికీ బండిలోనే తిరగొచ్చు. రెండు గంటలు మాత్రం చాలవు. పైన దాదాపు 700 ఎకరాల స్థలం, అందులో గుళ్లు, మహళ్లు, చెరువులు, ఇప్పటికీ జనం కాపురం ఉంటున్న ఊరు. రెండు గంటల్లో ఒక ఫోటో విజయ స్తంభం దగ్గర, ఇంకో ఫోటో పద్మిని మహల్ దగ్గర దిగి వచ్చేస్తారు, అంతే. ముందు రాత్రే వెళ్లి కింద ఊళ్లో బస చేసి, పొద్దున్నే పైకెళ్లి రోజంతా ఇవ్వండి.

పైకెళ్తూ భైరవ్ పోల్ దాటాక బండి ఆపమనండి (పోల్ అంటే అక్కడ కోట ద్వారం). హనుమాన్ పోల్‌కి చేరేలోపు జైమల్, కల్లా అనే ఇద్దరు వీరుల ఛత్రీలు (స్మారక మండపాలు) ఉంటాయి. 1567 అక్టోబరులో అక్బర్ ముట్టడించినప్పుడు మేవాడ్ (చిత్తోడ్ రాజధానిగా ఉన్న రాజ్యం) రాజు రాణా ఉదయ్ సింగ్ కొండల్లోకి వెళ్లిపోయాడు, కోట బాధ్యత జైమల్, పత్తా అనే ఇద్దరు సేనానుల మీద పడింది. నాలుగు నెలలు ఆపారు. తూటా దెబ్బ తగిలి నడవలేని జైమల్‌ని కల్లా తన భుజాల మీద ఎక్కించుకుని ఇద్దరూ కత్తులు పట్టి చివరి పోరులోకి దిగారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. చాలామంది ఆ ఛత్రీల వైపు చూడకుండానే కారులో దాటిపోతారు, నాకు బాధనిపిస్తుంది.

విజయ స్తంభం మాళ్వా సుల్తాన్ మహమూద్ ఖిల్జీ మీద గెలుపుకు గుర్తుగా 15వ శతాబ్దంలో రాణా కుంభా కట్టించినది. 37 మీటర్లు, తొమ్మిది అంతస్తులు, ఒంటినిండా దేవతల శిల్పాలు. మూడో అంతస్తులో, ఎనిమిదో అంతస్తులో 'అల్లా' అనే పేరు అరబిక్ లిపిలో చెక్కి ఉంది, ఒక సుల్తాన్ మీద గెలిచి కట్టిన స్తంభంలో! అయిదో అంతస్తులో దాన్ని కట్టిన శిల్పి జైతా, ఆయన కొడుకుల బొమ్మలు ఉన్నాయి. రాజుల పేర్లు అందరూ చెబుతారు, కట్టినవాళ్ల ముఖాలు రాతి మీద మిగలడం మాత్రం ఎక్కడో గానీ ఉండదు. లోపలికి ఎక్కనిస్తారో లేదో టికెట్ దగ్గరే అడగండి, ఎక్కనివ్వకపోయినా బయట నిలబడి చూడ్డానికే అరగంట పడుతుంది.

పక్కనే సమిద్ధేశ్వర ఆలయం, అక్కడి నుంచి మెట్లు దిగితే గోముఖ కుండం. రాతి ఆవు నోట్లోంచి నీళ్లు శివలింగం మీద పడుతుంటాయి. అత్తయ్యగారిని ఆ మెట్లు దించకండి, పైనుంచే కుండం బాగా కనిపిస్తుంది. ఈ కోట ప్రాణమంతా నీళ్లలోనే ఉంది. ఒకప్పుడు 84 జలాశయాలు ఉండేవట, ఇప్పుడు 22 దాకా మిగిలాయి. కొండ మీద ఇంత నీరు లేకపోతే నెలల తరబడి ముట్టడిని తట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు.

ప్రశ్న: అల్లావుద్దీన్ ఖిల్జీ పద్మినిని అద్దంలో చూసిన చోటు ఇప్పటికీ చూపిస్తారట. అది నిజంగా జరిగిందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముట్టడి నిజం. 1303లో అల్లావుద్దీన్ స్వయంగా వచ్చి చిత్తోడ్‌ని పట్టుకున్నాడు. ఆ దండయాత్రలో ఆయన వెంటే ఉన్న కవి అమీర్ ఖుస్రో రాతల్లో మాత్రం అద్దం ముచ్చట లేదు. మనందరికీ తెలిసిన పద్మిని కథ మాలిక్ ముహమ్మద్ జాయసీ 1540లో అవధీ భాషలో రాసిన కావ్యంలోది, అంటే 230 ఏళ్లకు పైగా గడిచాక. నీళ్ల మధ్య ఇప్పుడు కనిపించే మహల్ కూడా 19వ శతాబ్దంలో తిరిగి కట్టిందే. కాబట్టి గైడ్ చూపించే అద్దం ఖిల్జీ కాలంది అయ్యే అవకాశం లేదు.

మీది హనుమకొండ కాబట్టి ఇంకో సంగతి. ఆయన చిత్తోడ్ మీదికి వచ్చిన రోజుల్లోనే ఇంకో సైన్యాన్ని ఓరుగల్లు మీదికి పంపాడు, అది ఓడి వెనక్కి పోయింది. తర్వాత మాలిక్ కాఫర్ వచ్చి ముట్టడించాకే, 1310లో, ప్రతాపరుద్రుడు కప్పం కట్టడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. మీరు వెళ్తే ఈ రెండు కోటల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ప్రశ్న: జైపూర్ దగ్గర ఆమేర్ కోట ఎంత అందంగా ఉందో! చిత్తోడ్ అంతా పాడుబడి ఉందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. అంత దూరం వెళ్లి శిథిలాలు చూడాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చూడాలండి, ఎందుకు పాడుబడిందో తెలిస్తే మీకే చూడాలనిపిస్తుంది. ఆమేర్ రాజులు మొఘలులతో చుట్టరికం కలుపుకున్నారు, కోట చెక్కుచెదరలేదు. మేవాడ్ చాలాకాలం లొంగలేదు. 1615లో రాణా అమర్ సింగ్ జహంగీర్‌తో సంధి చేసుకున్నప్పుడు చిత్తోడ్ తిరిగొచ్చింది, కానీ దానికి మరమ్మతులు చేయకూడదని షరతు. తర్వాత గోడలు బాగుచేసుకుంటుంటే 1654లో షాజహాన్ సైన్యాన్ని పంపి కూలగొట్టించాడు. అక్కడ కనిపించే పడిపోయిన గోడ వెనుక ఇంత కథ ఉంది.

ప్రశ్న: మా పాపకి పదేళ్లు. అక్కడ జౌహర్ గురించి గైడ్లు గట్టిగా చెబుతారట. ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: దాచకండి, అలాగని గొప్పగానూ చెప్పకండి. 1303, 1535, 1568, మూడుసార్లు కోట పడిపోతుందని తెలిసి ఆడవాళ్లు మంటల్లోకి వెళ్లారు. బందీలుగా చిక్కితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు, వేరే దారి కనిపించలేదు, యుద్ధం ఇంత చెడ్డది అని పాపకి అర్థమయ్యే మాటల్లో చెబితే చాలు. దాన్ని ఉత్సవంలా వర్ణించే గైడ్ దొరికితే మర్యాదగా ఆపేయమనండి, నేనైతే ఆపేస్తాను. ఆ తర్వాత కుంభా మహల్ దగ్గర పన్నా దాయి కథ చెప్పండి. సింహాసనం లాక్కున్న బన్‌బీర్ చంపడానికి వస్తున్నాడని తెలిసి, పసివాడైన ఉదయ్ సింగ్‌ని బయటికి పంపేసి ఆ పక్క మీద తన కొడుకుని పడుకోబెట్టిన దాది. అలా బతికిన ఉదయ్ సింగే పెద్దయ్యాక ఉదయ్‌పూర్ కట్టించాడు. ఇదీ మామూలు కథ కాదు, పాప ఏడ్చినా ఏడుస్తుంది, అందుకే చివర్లో మీరా గుడికి తీసుకెళ్లి కాసేపు కూర్చోండి. రాణా సాంగా కోడలై కూడా కృష్ణుడి పాటలే తన లోకమనుకున్న మనిషి గుడి అది.

ప్రశ్న: కుంభల్‌గఢ్ కూడా అదే రోజు కలిపేయొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. ఉదయ్‌పూర్ నుంచి చిత్తోడ్ ఒక వైపు, కుంభల్‌గఢ్ ఇంకో వైపు. మహారాణా ప్రతాప్ పుట్టిన కోట అది, గోడే 36 కిలోమీటర్లు ఉంటుంది, దానికీ ఒక రోజు పెట్టుకోండి. అక్కడ మాత్రం పైదాకా ఏటవాలు దారిలో నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి.