సోమక్క 8 ఎటు పోయింది?

తమ్మీ,

మనం మనుషుల్ని కల్పించుకొని పాచికలేసుకుంట కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు నువ్వు పంపిన సోమక్క క్యారెక్టర్ షీట్, అంటే ఆమె గుణాల అంకెలు రాసిన కాగితం, దాని వెనుక జోడించిన మూడు పేజీల కథ నిన్న రాత్రి చదివిన. సోమక్క ఓరుగల్లు మట్టికోట మీద కాపలా కాసుకుంట కొంగుల మూటగట్టిన పేలాలు ఒక్కొక్కటే నోట్లె వేసుకునుడు, అది కండ్లతోని చూసినట్టే రాసినవ్. మిగిలినదాని మీద నాకు కోపమున్నది.

స్టాండర్డ్ అర్రే, అంటే ఆరు గుణాలకు పంచుకోమని ఆట ముందే ఇచ్చే అంకెలు, తీసుకున్నవ్: 15, 14, 13, 12, 10, 8. డెక్స్టెరిటీకి (చురుకుదనం) 15, విజ్డమ్‌కు (పసిగట్టే గుణం) 14 ఇచ్చి, ఆ 8 తీస్కపోయి ఇంటెలిజెన్స్‌ల (చదువు, జ్ఞాపకం) పెట్టినవ్. పెట్టు, తప్పు లేదు. కానీ రెండో పేజీల అదే సోమక్క తోరణం కాడి శాసనం గడగడ చదువుతది, రాజుల వరుస నోటికి చెప్తది, సేనాపతికే వ్యూహం నేర్పుతది. మరి ఆ 8 ఎటు పోయింది? డంప్ స్టాట్ అంటున్నరు గద ఇప్పుడందరు, పనికిరాదనుకున్న చోట తక్కువ అంకె పడేసి మర్చిపోవుడు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతది. నీ మనిషి ఆ 8లనే ఉన్నది తమ్మీ.

8 అంటే మొద్దు అనుకోకు. మొదట్ల ఈ అంకెలు మూడు పాచికలేసి తీసేటోళ్లు; మూడు పాచికలేస్తే 216 తీర్ల పడొచ్చు, అండ్ల 56 తీర్లు 8 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తయి. అంటే నలుగురిల ఒకరు. మన వాడకట్టుల రోజూ కలిసేటోళ్లే. 18 మాత్రం 216ల ఒక్కసారే. 8కి ఆట వేసే శిక్ష, ఆ గుణంతోని పాచిక వేసినప్పుడు మైనస్ 1, అంతే. అంత చిన్నది మోయలేక మూడు పేజీలు అబద్ధమాడినవ్.

నేను ఆట నేర్చింది కొత్తవాడల, మగ్గాలున్న ఇంట్ల, జంపఖానా మీద. దాని మీద పాచిక పడితే చప్పుడు రాదు, అందరం వంగి చూసేటోళ్లం. మాకు ఆట నడిపే అన్న 1974ల ఈ ఆటను తెచ్చిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల మొదటి పద్ధతే పట్టుకున్నడు: మూడు పాచికలు, ఆరు సార్లు, పడ్డ వరుసల్నే రాసుకోవాలె. క్లాస్, అంటే వాడు యోధుడా మంత్రగాడా అన్నది, తర్వాత. నాకు విజ్డమ్ 6 పడ్డది. మల్లొకసారి వేస్తనని బతిమాలిన. "పడ్డది పడ్డట్టు రాయి, వాడెవడో కనిపెట్టు" అన్నడు. ఆ రాత్రే ఆటల నా కాపలావాడు తలుపు వెనుక ఊపిరి వినలేదు, పక్కవాడు చచ్చిపోయిండు. వాడు తర్వాత ప్రతి తలుపు ముందు ఆగి చెయ్యి ఆనించి చూసేటోడు. ఆ అలవాటు నేను రాయలేదు, 6 రాసింది.

అదే మనిషిని కథ చేసి ఒక వారపత్రికకు పంపిన. "మీ నాయకుడు బలహీనుడు, పాఠకులు ఒప్పుకోరు" అని ఎడిటర్ తిప్పి పంపిండు. ఆయన మాట నమ్మి రెండేండ్లు అన్నీ తెలిసిన నాయకుల్ని రాసిన. అచ్చయినయి కూడా. ఒక్కని పేరు కూడా ఇప్పుడు నాకు యాదికి లేదు. ఆ రెండేండ్లు ఎవరిస్తరు?

అర్రేనా, పాయింట్ బైనా (పాయింట్లు పెట్టి అంకెలు కొనుక్కునుడు) అని అడిగినవ్. పాయింట్ బైల 27 పాయింట్లు, 13 కావాలంటే 5 పోతయి, 15 కావాలంటే 9. గింజగింజ లెక్కబెట్టుకుంట కూసుంటే మనిషి కంటే ముందు లెక్క పుడతది. అందుకే పాచికలే వేయమంట. వేయలేనంటే కనీసం ముందు తక్కువ అంకె ఎక్కడుండాలెనో చూడు, 15 సంగతి తర్వాత.

ఆ శాసనం సీన్ మళ్ల రాయి. సోమక్కకు అక్షరాలు వస్తయి, కానీ కింది వరుసకు వచ్చేసరికి పై వరుస జారిపోతది. పక్కన నిలబడ్డ కరణాన్ని అడుగుతది. వాడు ఒక ఊరి పేరు మింగి చదువుతడు. శాసనం ఆమెకు తెల్వదు, కానీ విజ్డమ్ 14 గద, వాని గొంతు ఎక్కడ తడబడ్డదో తెలుస్తది. అక్కడ ఆమె ఏం జేస్తదో నాకు తెలువాలె. ఆదివారం ఆటకు కూసునేలోపే పంపు.

మీ అన్న
హనుమకొండ