క్లాంప్ మానిటర్ రీడింగ్‌కూ కరెంటు మీటర్ రీడింగ్‌కూ తేడా ఎందుకు వస్తుంది?

మెయిన్ తీగకు తగిలించే చవక రకం క్లాంప్ మానిటర్ కరెంటును మాత్రమే కొలిచి, వోల్టేజీని 230గా, పవర్ ఫ్యాక్టర్‌ను (తీసుకున్న కరెంటులో నిజంగా పనికి వచ్చే వాటాను) 1గా అనుకొని లెక్క కడుతుంది కాబట్టి, కరెంటునూ వోల్టేజీనీ క్షణక్షణం కలిపి కొలిచే విద్యుత్ సంస్థ మీటర్‌తో దాని రీడింగ్ కలవదు. మోటార్లు, పాత చోకు ట్యూబులైట్లు తీసుకునే కరెంటులో కొంత భాగం అయస్కాంత క్షేత్రాన్ని నిలపడానికి వచ్చి, ఏ పనీ చేయకుండానే లైనులోకి తిరిగిపోతుంది. ఆ భాగాన్ని మీటర్ యూనిట్లలో చేర్చదు, క్లాంప్ మాత్రం చేరుస్తుంది.

ఉదాహరణకు 230 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు తీసుకునే నీటి మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.7 అయితే, క్లాంప్ 690 వాట్లు చూపుతుంది, మీటర్ 483 వాట్ల లెక్కనే నమోదు చేస్తుంది. గీజరు, ఇస్త్రీపెట్టె వంటి వాటిలో ఈ తేడా దాదాపు ఉండదు. అయితే వోల్టేజీ 200కు పడిపోయినప్పుడు అక్కడా క్లాంప్ ఎక్కువే చూపుతుంది.

రెండూ కలవకపోతే మీటరే తప్పుగా తిరుగుతోందని చాలామంది అనుమానిస్తారు. ఇలాంటి క్లాంప్‌తో పోల్చి ఆ మాట తేల్చలేము. ఇళ్ల మీటర్లకు అనుమతించే దోషం సాధారణంగా 1 శాతం మాత్రమే. పోల్చవలసి వస్తే వోల్టేజీని కూడా కొలిచే మానిటర్‌ను తీసుకొని, రెండింటి రీడింగునూ ఒకే వ్యవధికి చూడాలి.