నిలువురాళ్ళ లెక్క తీయబోయే అమ్మాయికి

చిరంజీవి సుధకు పెద్దనాన్న ఆశీస్సులు.

కృష్ణ ఒడ్డు ఊళ్ళన్నీ తిరిగి, వేల ఏళ్ళ కిందటి మనుషులు పాతిన నిలువురాళ్ళ లెక్క తీస్తావట, మీ అమ్మ చెప్పింది. ఈ రాళ్ళ పిచ్చి మన ఇంట్లో నాతోనే పోతుందనుకున్నాను. సంబరపడ్డాను, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

టోపీ, నీళ్ళు, బూట్లు నీకు తెలిసినవే. రైతును అడక్కుండా పొలంలో దిగకు. ప్రతి రాయికీ ఫొటో, ఎత్తు, సర్వే నంబరు రాసుకో. రాయి మీద పెయింటుతో అంకెలు వేశావంటే నీతో మాట్లాడను. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో సప్తర్షి మండలంలా గుంటలు తొలిచిన బండను పొద్దువాలే వేళ ఏటవాలు వెలుగులో చూడు, సుద్దముక్కతో దిద్దే పనే ఉండదు.

దొంగలకంటే నాకు మంచివాళ్ళంటేనే భయం. ఒక ఊళ్ళో నిలువురాయి ఒరిగింది. ఊరివాళ్ళు చందాలేసుకుని, జేసీబీ పిలిపించి, మొదలంతా తవ్వి, రాయిని నిటారుగా నిలిపి సిమెంటు పోశారు. నేను వెళ్ళేసరికి కొబ్బరికాయలు కొడుతున్నారు, నా చేతిలోనూ ఓ చిప్ప పెట్టారు. వాళ్ళనేమనను? రాయి కదలకుండా పాతకాలం వాళ్ళు మొదట్లో బిగించిన చిన్నరాళ్ళు గట్టు మీద కుప్పగా పడున్నాయి. అడుగు మట్టి చివరిసారి వెలుగు చూసిందెప్పుడో ల్యాబులో కొలిస్తే, రాయిని పాతిన కాలం అంచనాకొస్తుంది. ఆ మట్టినంతా ఎండలో ఆరబోశారు. రాయి మొదట ఏ దిక్కుకు ఉండేదో కూడా ఇక ఎవరికీ తెలీదు. ముడుమాల్ వరుసలకూ సూర్యుడి ఉదయాస్తమయాలకూ సంబంధముందని పరిశోధకులు చెప్పగలిగారంటే, అక్కడి 10 నుంచి 14 అడుగుల రాళ్ళు ఉన్నచోటే ఉండబట్టి. ఒరిగినదాన్ని ఒరిగినట్టే ఉండనివ్వు తల్లీ, ఎవరెంత బతిమాలినా సరే. ఎల్లమ్మ అని మొక్కే రాయైతే పూజ ఆపమనకు, ఆ మొక్కే ఇన్నాళ్ళూ దాన్ని కాపాడింది. సిమెంటు గద్దె మాత్రం వద్దని నచ్చజెప్పు.

గుప్తనిధుల వాళ్ళు రాత్రిపూట తవ్వుతారు. చీకటి పడ్డాక అక్కడుండకు, నా టెన్షనంతా అదే. కొత్త గొయ్యి కనబడితే ఎవరితోనూ వాదించక, ఫొటోలతో తహసీల్దారుకూ వారసత్వ శాఖకూ అర్జీ పెట్టి రసీదు తీసుకో.

ముడుమాల్ 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది. దాంతో చట్టరక్షణ దానంతటదే రాదు. 1958 పురాతన కట్టడాల చట్టం కింద కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. నువ్వు చూడబోయే చాలా రాళ్ళకు ఏ రక్షణా ఉండదు. అందుకే సర్వే నంబరు తప్పు పోకూడదు. మొదటి ఊరు పూర్తవగానే నీ నోటుబుక్కు పేజీలు వాట్సాప్ చెయ్యి, పహాణీలతో నేను సరిచూస్తాను.

పెద్దనాన్న