బైండింగ్ రాసే అమ్మాయికి

కూకట్‌పల్లి, హైదరాబాద్

అమ్మాయీ,

మొన్న మాదాపూర్‌లో నువ్వు చూపించిన బైండింగ్ కోడ్‌ను, అంటే సీ లైబ్రరీని పైథాన్‌ నుంచి వాడుకోనిచ్చే కోడ్‌ను, ఇంటికి వచ్చాక తీరిగ్గా చదివాను. పని చేస్తుంది, సందేహం లేదు. కానీ పైథాన్‌లో రాసేవాళ్లకు అడుగడుగునా సీ భాష అడ్డం పడుతోంది. విండోలు, బటన్లు చేయడానికి వాడే సీ లైబ్రరీ జీటీకేలోని ఫంక్షన్లను ఉన్నవి ఉన్నట్టు దించితే సగం పనే అయినట్టు.

ముందు వాడేవాళ్ల కోడ్ రాయి. ఒక విండో, అందులో ఒక బటన్, నొక్కితే జరిగే పని. లైబ్రరీ సంగతి మరచిపోయి, ఎలా ఉంటే చదవడానికి హాయిగా ఉంటుందో అలా రాయి. దాన్ని నడిపించే బైండింగ్ తర్వాత కట్టు.

జీటీకే 3లో బాక్సులో బటన్ పెట్టాలంటే ప్యాక్_స్టార్ట్‌కు బటన్, ట్రూ, ట్రూ, సున్నా అని ఇవ్వాలి. ఏ ట్రూ దేనికో చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? 2020 డిసెంబరులో వచ్చిన జీటీకే 4 దాన్ని తీసేసి, అపెండ్ ఇచ్చింది. ఎంత చోటుకు సాగాలో ఇప్పుడు విడ్జెట్, అంటే బటన్‌లాంటి భాగం, దాని లక్షణాలే చెబుతాయి. నీ కోడ్‌లోనూ ఇలాంటి ట్రూ, ఫాల్స్‌లున్నాయి. ఫంక్షన్ నిర్వచనంలో వాటి ముందు ఒక నక్షత్రం గుర్తు పెట్టు, పేరు రాయకుండా ఇవ్వడం ఇక కుదరదు.

సీలో మెమరీ చిరునామాలు పంపి నింపించుకునే విలువలు పైథాన్‌లో టపుల్‌గా, అంటే ఒకే గుత్తిగా, తిరిగి రావాలి. సీలో తప్పు జరిగిందని చెప్పే జీఎర్రర్, పైథాన్‌లో ఎక్సెప్షన్‌గా మారాలి. ఇవి నీకు తెలిసినవే.

నాకు బెంగగా ఉన్నది మెమరీ విషయం. లేబుల్ నుంచి గెట్_టెక్స్ట్ ఇచ్చే స్ట్రింగ్ లేబుల్‌దే, దాన్ని మనం విడుదల చేయకూడదు. టెక్స్ట్ బఫర్ గెట్_టెక్స్ట్ ఇచ్చేది మాత్రం మనది, విడుదల చేయకపోతే మెమరీ కారిపోతూనే ఉంటుంది. పేరు ఒకటే, బాధ్యత వేరు. పొరపాటు ఒకచోట జరిగితే ప్రోగ్రామ్ మరెక్కడో కూలుతుంది, వెతకడానికి రోజులు పడుతుంది. అందుకే సీ ఫంక్షన్ల వివరాలను ఇతర భాషల బైండింగ్‌లకు అందించే జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్‌లో ట్రాన్స్‌ఫర్ ఫుల్ (మనదే, మనమే విడుదల చేయాలి), ట్రాన్స్‌ఫర్ నన్ (మనది కాదు, ముట్టుకోకూడదు) అనే గుర్తులున్నాయి. నల్, అంటే ఏమీ లేని ఖాళీ విలువ, రావచ్చని చెప్పడానికి నల్లబుల్ ఉంది.

నీ సొంత సీ లైబ్రరీలో చాలా ఫంక్షన్లకు ఈ గుర్తులు లేవు. ఆ లోటును పైథాన్‌వైపు అతుకులతో కప్పకు. సీ ఫైల్లో, ఫంక్షన్ పైనున్న వ్యాఖ్యలోనే రాయి. రేపు రస్ట్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో బైండింగ్ కట్టేవాళ్లకూ అదే పనికొస్తుంది. స్ట్రింగులు తిరిగిచ్చే ఫంక్షన్లతో మొదలుపెట్టు, అవి పూర్తయ్యాక నాకు పంపు, కూర్చుని చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి