పాత సమాధి రాళ్ల మీది రాతలను రాయి చెడకుండా నమోదు చేయడం ఎలా?

అన్నిటికంటే ముందు వెలుతురు సంగతి చూసుకోండి. మచిలీపట్నం, భీమునిపట్నం డచ్చి సమాధుల వంటి చోట్ల మిట్టమధ్యాహ్నం నున్నటి బండలా కనిపించే రాయి కూడా పొద్దుటి ఏటవాలు ఎండలో అక్షరాలు చూపిస్తుంది. ఎండ తగలకపోతే అద్దంతో పక్కనుంచి వెలుగు మళ్లించండి. లేదా చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి దాదాపు ఆనించి, ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి వెలుగు వేసి ఫోటోలు తీయండి. అరిగిన అంకె 3 అవునో, 8 అవునో తేలేది ఆ సన్నని నీడలోనే.

దయచేసి సుద్ద, పిండి, షేవింగ్ క్రీము పూయకండి. అవి రాతి రంధ్రాల్లో మిగిలిపోయి హాని చేస్తాయి. ఇనుప బ్రష్ అసలే వద్దు. మంచినీళ్లు, మెత్తని కుంచె చాలు. పొరలు ఊడుతున్న రాయినైతే అలా కూడా ముట్టుకోవద్దు. తడి కాగితం అద్ది సిరాతో అచ్చు తీయడం శాసన నిపుణులకే వదిలేయండి. రక్షిత స్థలమైతే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

రాతి మీది రాతను కాగితం మీదికి ఎక్కించేటప్పుడు వరుసకు వరుస, అక్షరదోషాలతో సహా ఉన్నది ఉన్నట్టు రాయండి. చెరిగిన అక్షరాలకు చదరపు బ్రాకెట్లలో చుక్కలు పెట్టండి, ఊహతో పూరించవద్దు. రాయి కొలతలు, జీపీఎస్ స్థానం, నమోదు చేసిన తేదీ కూడా పక్కనే రాయండి.