అమెరికన్ బ్యాండ్‌స్టాండ్: వెస్ట్ ఫిలడెల్ఫియా పేటలో పుట్టిన కార్యక్రమం, అందులో చోటు దొరకని ఆ పేట పిల్లలు

పిల్లలు రికార్డు పాటలకు డ్యాన్స్ చేసే అమెరికా టీవీ కార్యక్రమం అమెరికన్ బ్యాండ్‌స్టాండ్ నిజంగా ఒక ఊరి స్థానిక కార్యక్రమంగానే మొదలైందా, అలాగైతే ఆ ఊరి పిల్లలందరికీ అందులో చోటు దొరికిందా అని మీరు అడిగారు. మొదటిదానికి అవుననీ, రెండోదానికి లేదనీ నా సమాధానం. 2000ల తొలి సంవత్సరాలలో చదువు కోసం అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి వెళ్లిన నేను, అక్కడి తెలుగు విద్యార్థులు చాలామంది లాగే, అద్దెలు తక్కువని వెస్ట్ ఫిలడెల్ఫియాలో ఉండేవాణ్ణి. ఆ కార్యక్రమం పుట్టిన భవనం నేను రోజూ వెళ్లే దారిలోనే ఉండేది. ఆ పేటలోనే పెరిగిన మా ఇంటి యజమానురాలు, ఒక నల్లజాతి పెద్దావిడ, చెప్పిన సంగతులకు నేను తరువాత చదివి తెలుసుకున్నవి చేర్చి రాస్తున్నాను.

ఆ భవనం మార్కెట్ స్ట్రీట్‌లో, 46వ వీధి కలిసే చోట ఉంది. ఇనుప స్తంభాల మీద నడిచే రైలు సరిగ్గా దాని ముందు నుంచే పోతుంది కాబట్టి, 46వ వీధి స్టేషన్ మెట్లు దిగగానే అది కనిపిస్తుంది. టెలివిజన్ స్టూడియోగా వాడడానికే 1940ల చివర్లో కట్టిన తొలి అమెరికన్ భవనాలలో అదొకటి. అందులో నడిచిన డబ్ల్యుఎఫ్ఐఎల్ స్టేషన్, ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికను నడిపే వాల్టర్ అనెన్‌బర్గ్ సంస్థ చేతిలో ఉండేది. రేడియోలో రికార్డులు వినిపించి పేరు తెచ్చుకున్న బాబ్ హార్న్‌ను 1952లో టీవీకి తెచ్చినప్పుడు, మొదట చేసిందల్లా పాటల పొట్టి ఫిల్ములు వేసి మధ్యమధ్య మాట్లాడించడమే. అది ఎవరికీ పట్టలేదు. ఆ అక్టోబరులో స్టూడియో తలుపులు తెరిచి, బడి వదిలాక వచ్చే పిల్లల చేత రికార్డులకు డ్యాన్స్ చేయించి కెమెరా వారి మీద పెట్టాక మాత్రం కార్యక్రమం నిలబడింది. వాద్యబృందానికి డబ్బు ఇవ్వనక్కరలేదు, నటులకు ఇవ్వనక్కరలేదు, వచ్చే గాయకులు కూడా రికార్డుకు పెదవులు కదిపితే చాలు. మధ్యాహ్నం పూట ఏం వేయాలో తెలియని ఒక స్థానిక స్టేషన్‌కు అంతకన్న చవకైన దారి లేదు.

ఆ పిల్లలు ఎక్కడి నుంచో వచ్చినవారు కారు. కేథలిక్ బాలికల ఉన్నత పాఠశాల పక్క వీధిలోనే ఉండేది, వెస్ట్ ఫిలడెల్ఫియా హైస్కూలు కాస్త నడిస్తే వచ్చేది, దూరపు పిల్లలు రైలెక్కి వచ్చేవారు. కేథలిక్ బడి అమ్మాయిలు టీవీలో యూనిఫాంతో కనిపిస్తే సిస్టర్లు కోప్పడతారని దాని మీద స్వెటర్ వేసుకునేవారట. లోపలి గుండ్రని తెల్ల కాలర్ మాత్రం మెడ దగ్గర బయటికి కనిపించేది. కార్యక్రమం దేశమంతటా ప్రసారమయ్యాక, ఆ కాలర్‌ను ఫిలడెల్ఫియా ఫ్యాషన్ అనుకుని ఎక్కడెక్కడి అమ్మాయిలో వేసుకున్నారని చెబుతారు. ఈ కార్యక్రమం ఎంతగా ఆ నాలుగు వీధులకు చెందినదో చెప్పడానికి ఈ ఒక్క ముచ్చట చాలని నాకు అనిపిస్తుంది.

1956లో తాగి కారు నడిపిన కేసులో పట్టుబడి బాబ్ హార్న్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. జులైలో ఆ స్థానంలోకి వచ్చిన డిక్ క్లార్క్ అనే యువకుడు ఎంత మర్యాదగా, ఎంత పొందికగా కనిపించేవాడంటే, రాక్ అండ్ రోల్ అంటే భయపడే తల్లిదండ్రులు కూడా అతని మీద నమ్మకం పెట్టుకున్నారు. 1957 ఆగస్టు 5న ఏబీసీ నెట్‌వర్క్ దానిని దేశమంతటికీ అందించడం మొదలుపెట్టింది. అబ్బాయిలకు కోటు, టై తప్పనిసరి. అమ్మాయిలకు గౌను లేదా స్కర్టు.

ఆ మర్యాద వెనుక ఉన్న ఏర్పాటే మీ రెండో ప్రశ్నకు జవాబు. అదే వేసవిలో ఏబీసీ అలన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత చేత మరొక రాక్ అండ్ రోల్ కార్యక్రమం నడిపించింది. అందులో నల్లజాతి గాయకుడు ఫ్రాంకీ లైమన్ ఒక తెల్ల అమ్మాయితో డ్యాన్స్ చేయడం తెర మీద కనిపించగానే తెల్లవారినీ నల్లవారినీ వేరుగా ఉంచే అమెరికా దక్షిణాది రాష్ట్రాల స్టేషన్లు మండిపడ్డాయి, కార్యక్రమం ఆగిపోయింది. బ్యాండ్‌స్టాండ్ నిర్వాహకులకు ఆ చిక్కు రాలేదు, ఎందుకంటే వారు అప్పటికే తలుపు దగ్గర జల్లెడ పట్టేవారు. ముందుగా ఉత్తరం రాసి టికెట్ తెప్పించుకోవాలన్న పద్ధతి వల్ల, ఇంటిపేరును బట్టి, ఉండే వీధిని బట్టి ఎవరు ఏ జాతివారో ఊహించడం కష్టమయ్యేది కాదు. వేదిక మీద నల్లజాతి గాయకులు పాడేవారు గాని, డ్యాన్స్ చేసే పిల్లల్లో నల్లజాతి ముఖం దాదాపు కనిపించేది కాదు. తాను వచ్చాక ఆ అడ్డు తొలగించానని క్లార్క్ తరువాతి కాలంలో చెప్పుకున్నా, ఆనాటి పత్రికలనూ అక్కడివారి జ్ఞాపకాలనూ పరిశీలించిన చరిత్రకారుడు మాథ్యూ డెల్మాంట్, కార్యక్రమం ఫిలడెల్ఫియాలో ఉన్నన్నాళ్లూ అది నిజం కాలేదని చూపించాడు. మా ఇంటావిడ మాట మరీ సూటిగా ఉండేది: "మమ్మల్ని రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు నాయనా, ఆ వరుసలో నిలబడి లాభం లేదని మాత్రం మా అందరికీ తెలుసు." ఆ ఇంటి నుంచి స్టూడియోకు నడక దూరమే.

ఆ పేట నల్లజాతి పిల్లలు ఇంట్లో చూసింది వేరే కార్యక్రమం. పొరుగున డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ నుంచి 12వ ఛానెల్‌లో మిచ్ థామస్ అనే నల్లజాతి వ్యాఖ్యాత 1955 నుంచి నల్లజాతి పిల్లల డ్యాన్స్ కార్యక్రమం నడిపేవాడు. బొమ్మ సరిగా రావాలంటే యాంటెన్నా తిప్పుతూ ఒకరు కిటికీ దగ్గర నిలబడాల్సి వచ్చేదని ఆవిడ చెప్పేది. అబ్బాయిలు ఒక వరుస, అమ్మాయిలు ఎదురు వరుస నిలబడగా, మధ్యలో ఒక జంట తాపీగా అడుగులు వేసుకుంటూ సాగిపోయే స్ట్రోల్ అనే డ్యాన్స్ అక్కడే కనిపించింది; బ్యాండ్‌స్టాండ్ పిల్లలు దానిని ఆ కార్యక్రమం చూసి నేర్చుకోగా, దేశమంతా దానిని బ్యాండ్‌స్టాండ్ డ్యాన్స్ అనుకుంది. మిచ్ థామస్ కార్యక్రమం 1958లో ఆగిపోయింది, అదే ఏడాది ఆ స్టేషన్ కూడా మూతపడింది. తరువాత వచ్చిన ట్విస్ట్ అనే డ్యాన్స్ కథ కూడా ఇలాంటిదే. ఆ పేరుతోనే ఉన్న దాని పాట రాసి ముందు పాడింది హాంక్ బలార్డ్ అనే నల్లజాతి గాయకుడు. 1960లో సౌత్ ఫిలడెల్ఫియాలో పెరిగిన చబ్బీ చెకర్ అదే పాటను ఒక స్థానిక రికార్డు కంపెనీకి పాడి, క్లార్క్ వేదిక మీద ఆడి చూపించాక అది దేశాన్ని ఊపేసింది. చెకర్ నల్లజాతివాడే, అయినా తెర మీద ఆ డ్యాన్స్ చేస్తూ కనిపించిన పిల్లలు తెల్లవారే.

1960లో రికార్డులు వేయడానికి లంచాలు తీసుకునే వ్యవహారం మీద అమెరికన్ కాంగ్రెస్ విచారణ జరిపినప్పుడు క్లార్క్ హాజరై సాక్ష్యం చెప్పాడు. అంతకు ముందే ఏబీసీ ఒత్తిడి మీద తన సంగీత వ్యాపారాలలోని వాటాలు వదులుకోవడంతో బయటపడ్డాడు. 1963లో ప్రతిరోజూ వచ్చే కార్యక్రమం శనివారానికి పరిమితమైంది, 1964 ఆరంభంలో లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. ఆ తరువాత 1989 దాకా నడిచింది గాని, ఆ పాతికేళ్లలో దానికి ఫిలడెల్ఫియాతో సంబంధం లేదు.

ఆ భవనాన్ని 1986లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. నేను అక్కడ ఉన్నప్పుడు అందులో ఎంటర్‌ప్రైజ్ సెంటర్ అనే సంస్థ పనిచేసేది. నల్లజాతివారితో సహా అల్పసంఖ్యాక వర్గాల చిన్న వ్యాపారులకు సాయపడడం దాని పని. మీరు ఆ ఊరు వెళితే భవనాన్ని తప్పక చూడండి. తొలి ఏళ్ల ప్రసారాలు ప్రత్యక్షంగా సాగడం వల్ల వాటి ఫిల్ములు చాలా తక్కువే మిగిలాయి, మిచ్ థామస్ కార్యక్రమానివి అంతకన్న తక్కువ. అందువల్ల చూసి ఊరుకోకుండా ఆ వీధుల్లో ఉండే డెబ్భై, ఎనభై ఏళ్లవారిని పలకరించండి, వారు ఇంట్లో ఏ ఛానెల్ పెట్టుకునేవారో అడగండి.